మన ఇంటి బ్యాటరీ

కొత్త కరెంటు ఆటో ఇంటికొచ్చిన రోజున రమాదేవి మామగారు పాండురంగారావు, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించి బ్యాటరీ మీద ఇంటిపేరు కొట్టించాడు. పెళ్లిళ్లకిచ్చిన గంగాళాలు తిరిగిరాని అనుభవం ఆయనది. బ్యాటరీ మనది కాదనీ, కంపెనీ అద్దెకిచ్చిందనీ, అయిపోతే మాచర్ల మార్కెట్ యార్డు పక్కన బ్యాటరీలు మార్చే బంకులో ఇచ్చేసి, టీ తాగేలోపు నిండుది తగిలించుకుని బయల్దేరొచ్చనీ రమాదేవి చెప్పి చూసింది.

"ఎవరెవరి బళ్లల్లో తిరిగొచ్చిందో, అది మనింటికి తెస్తావా? ఇంట్లోనే ఛార్జింగు పెట్టు," అన్నాడాయన.

ఇంట్లో పెడితే మధ్యాహ్నమంతా పడుతుంది. ఆ మధ్యాహ్నమంతా కోడలు ఇంటిపట్టునే ఉంటుంది. వేడన్నం, పప్పు, కునుకు తీసి లేచేసరికి టీ. ఆయన ఆచారానికీ ఆకలికీ ఇంత చక్కగా పొత్తు కుదరడం చూసి రమాదేవికి ముచ్చటేసింది. సాగర్ పక్కనున్న విజయపురి సౌత్ వెళ్లే జనం సరిగ్గా ఆ వేళకే బస్టాండులో కాచుకునుండేవాళ్లు. ఆటో మాత్రం వైరుతో కట్టేసిన గేదెలా వాకిట్లో పడుండేది. డిగ్రీ చదివి, ఇంటిల్లిపాదినీ ఎదిరించి లైసెన్సు తెచ్చుకున్నది ఒంటిపూట బేరానికి కాదు.

ఒకనాడు ఆమె మధ్యాహ్నం ఇంటిదారి పట్టలేదు. బంకులో బ్యాటరీ మార్చుకుని, సాగర్ జనాన్ని ఎక్కించుకుపోయి, పొద్దుగూకాక ఇల్లు చేరింది.

మామగారు టార్చి వేసి సీటు కింద చూశాడు. బ్యాటరీ మీద తెల్లరంగుతో పెద్దపెద్ద అక్షరాలు: యేసుపాదం. ఊళ్లో జాగ్రత్తపరుడు తానొక్కడే కాదని ఆయనకప్పుడు తెలిసింది.

"మనది ఏదే?"

"నడికుడి వైపు పోయుంటది మామయ్యా. మన ఇంటిపేరు ఎలక్షన్లప్పుడు కూడా అంత దూరం పోలా."

"ఈ పేరున్నది నా వాకిట్లో ఉండటానికి లేదు."

"మనింట్లో వెలిగే కరెంటు వాళ్ల వీధి మీదగానే వస్తంది. స్తంభం కాడే ఆపమని చెప్పమంటారా?"

ఆయన టార్చి ఆర్పాడు.

తెల్లారి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి రాకపోతే బండి అమ్మేస్తానన్నాడు. బండి తన పేరు మీదుందని ఆమె గుర్తుచేసింది.

"బియ్యం కడిగి కుక్కర్లో పెట్టా. కూతలొచ్చినాక దించుకోండి."

"నాకు కుక్కరు చేతగాదు."

"నాకు మాత్రం ఆటో పుట్టుకతో వచ్చిందా మామయ్యా?"

ఆయన కదల్లేదు. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. రమాదేవి హారను మీద చెయ్యి పెట్టింది. ఆయన పక్కకి జరిగేదాకా తియ్యలేదు.