ఎవరూ లేని నలభై గదులు

కృష్ణయ్యకు గంజి తాగించడానికి మధ్యాహ్నం గులాబీ తోటలోంచి వచ్చిన రాధమ్మకు తన గది తలుపుకు తాళం కనిపించింది. పొద్దున ఆమె గొళ్లెం మాత్రమే పెట్టి వెళ్లింది. లోపల ఆమె పెనిమిటి ఉన్నాడు. పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచం మీదనే, నోట మాట లేదు. అరచేత్తో గోడను కొడుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది.

చేవెళ్ల దారిలో హిమాయత్‌నగర్ ఊరు దాటాక, పటేల్ ఫామ్‌హౌస్ వెనక, కూలీల కోసం వేసిన రేకుల గదులు నలభై. నలభైకీ కొత్త తాళాలు. ప్రతి తలుపు పక్కన సుద్దముక్కతో ఒక నంబరు, దాని కింద 'ఎవరూ లేరు'. జనాభా లెక్కలవాళ్లు వచ్చి వెళ్లిపోయారు.

రాధమ్మ రాయితో తాళం పగలగొట్టింది. కృష్ణయ్య పక్క తడిసిపోయి ఉంది. బయట ఎవరో పిలిచారని, తాను పలకలేకపోయానని చేత్తో చూపిస్తూ ఏడ్చాడు.

సాయంత్రం అందరూ గదుల ముందు చేరారు. తాళాలు వేయించింది పటేల్ మేనేజరేనని అందరికీ తెలుసు. ఎందుకో సమత చెప్పింది. ఆ గదుల్లోనే పెరిగి చేవెళ్లలో డిగ్రీ చదువుతున్న పిల్ల ఆమె. ఈ భూమి ప్లాట్ల వెంచరుకు పోతోందని, మనుషులున్నారని కాగితం మీద ఉంటే వాళ్లకు వేరే చోటు చూపించాలని, లేరని ఉంటే జేసీబీ ఒక్క పూటలో అన్నీ ఊడ్చేస్తుందని చెప్పింది. ఎక్కడ దవాఖాన, ఎక్కడ అంగన్‌వాడీ అని పైన ప్లాన్లు గీసేది కూడా ఈ లెక్క చూసేనంది.

పటేల్‌తో పెట్టుకుంటే రేపటి కూలి పోతుందన్నాడు సంగయ్య. చాలామంది తలలూపారు.

అప్పుడు రాధమ్మ లేచింది.

"పోయిన లెక్కల గీ గదులను పశువుల కొట్టమని రాసిన్రు. దవాఖాన అడగపోతే, ఆడ మనుషులే లేరు గదా అన్నరు. నా మైసమ్మ నొప్పులతోని చేవెళ్ల తొవ్వల, ఆటోలనే పాయె. కడుపుల పిల్ల గూడ పాయె. లేనోళ్లు ఎట్ల సచ్చిన్రు సంగన్నా?"

కూతురు పోయి నాలుగేళ్లయినా రాధమ్మ ఆ పేరు ఎత్తింది లేదు. తోటలో వంగి పువ్వు కోస్తుంటే 'అవ్వా, నీళ్లు' అని వెనక నుంచి మైసమ్మ గొంతు వినిపించేది. తిరిగి చూస్తే గులాబీ వరుసలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ పూట అక్కడున్న ఆడవాళ్లంతా కూడా ఆ గొంతు విన్నట్టే ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

సంగయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "రేపు పువ్వు కొయ్యద్దు చెల్లే," అన్నాడు.

మర్నాడు గులాబీలు చెట్ల మీదనే విచ్చుకున్నాయి. ఎనభై ఆరు మంది కృష్ణయ్య మంచాన్ని వంతులవారీగా భుజాల మీద మోస్తూ మండలాఫీసుకు నడిచారు. ఆ వాడ లెక్క ముగిసిపోయిందని, ఇక మార్చడం కుదరదని ఆఫీసరు అన్నాడు. వాళ్లు వాకిట్లో కూర్చున్నారు. పటేల్ కారు దిగి, ఆ గదుల్లో ఎవరూ ఉండరని నలుగురిలో చెప్పాడు.

రాధమ్మ ఆయన ముందుకు వెళ్లి నిలబడింది. "పటేలా, ఇరవై ఏండ్ల సంది నీ తోటల పువ్వు ఎవలు కోసిన్రు?"

ఆయన పోలీసులకు ఫోన్ చేశాడు.

పోలీసులు వాళ్లను, కృష్ణయ్య మంచాన్ని కూడా స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ కానిస్టేబుల్ కేసు రాయడానికి పేరు, వయసు, ఉండే చోటు అడిగాడు. పటేల్ ఫామ్‌హౌస్ వెనక ఏడో గది అని చెప్పి, సర్కారు కాగితం మీద ఆ గది పడిందో లేదోనని, రాసింది చదివి వినిపించమంది రాధమ్మ. అతను విసుక్కుంటూనే చదివాడు. ఆమె వెనక సంగయ్య, ఆయన వెనక సమత, ఒక్కొక్కరే తమ గది నంబరు గట్టిగా చెప్పారు.

పొద్దు వాలేసరికి, కబురు తెలిసిన పక్క ఊళ్లు జన్వాడ నుంచి, కొండకల్ నుంచి షేర్ ఆటోలు వచ్చి స్టేషన్ గేటు ముందు ఆగాయి. దిగినవాళ్లు అక్కడి ఫామ్‌హౌస్‌ల కూలీలే. మీరెవరు, ఎందుకొచ్చారని ఎస్సై గద్దించాడు.

"మా గదులకు గూడ తాళాలేసిన్రు సారు," అంది ముందున్న ముసలామె. "మమ్ముల గూడ రాసుకోండ్రి."

ఆమె గేటు పక్కనే కూర్చుంది. వరుస రోడ్డు దాకా పెరిగింది.