ఏడు నిమిషాల ప్రోగ్రాం

ఆమె ఎందుకు వస్తోందో మా ఆయనకు చెప్పలేదు. "మా పిన్ని కూతురి స్నేహితురాలండీ. కోడ్ రాయడం నేర్చుకుంటోంది. రెండు రోజులు మీ పక్కన కూర్చుంటుందట" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. లేచి వెళ్లి చొక్కా మార్చుకున్నారు.

నిజానికి ఆమె పదిహేనేళ్లుగా ఆ పనిలోనే ఉంది. ఏ కంపెనీలోనూ చేరలేదు. ఎవరి ప్రోగ్రాం మొరాయిస్తే వాళ్లకు బాగుచేసి పెట్టి, తన దారిన తను పోతుంది. అలాంటివాళ్లు దొరికే సైట్‌లో వారం రోజులు వెతికి నేనే పట్టుకున్నాను. మామూలుగా తన ఇంట్లోంచే చేస్తుంది గానీ, మా కోడ్ ఆయన కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకని రావలసి వచ్చింది.

మా ముందు గదే మా ఆఫీసు. తేలిగ్గా దొరకని మందులు ఏ షాపులో ఉన్నాయో వెతికి చెబుతాం. మందు పేరు పంపిస్తే, ఆయన రాసిన ప్రోగ్రాం షాపుల సైట్లన్నిటినీ అడిగి ఉన్నచోటు చూపిస్తుంది. మొదట్లో పన్నెండు షాపులే. అరనిమిషంలో జవాబు వచ్చేది. ఇప్పుడు నూటనలభై. ఏడు నిమిషాలు పడుతోంది. బిడ్డ ఫిట్స్ మందు అయిపోయిన తల్లి ఏడు నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చుంటుందా? "మీ సైట్ కంటే మా అత్తగారు నయమండీ. కర్ర పొడుచుకుంటూ వెళ్లి మీకంటే ముందే కనుక్కొచ్చేసింది" అని ఒకావిడ ఫోన్ చేసి మరీ దెప్పింది.

దాన్ని బాగుచేస్తానని ఆయన కూర్చుని ఎనిమిది నెలలైంది. పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, ఉద్యోగానికి వెళ్లినట్టే ఆ బల్ల ముందుకు వెళ్లేవారు. సాయంత్రం అడిగితే, "దారి దొరికిందోయ్. రేపటితో అయిపోతుంది" అనేవారు.

"ఈపాటికి తాపీమేస్త్రి అయితే మూడంతస్తులు లేపేసేవాడు" అనేదాన్ని. ఆయన నవ్వేవారు. నవ్వని రోజున కూడా నేను ఊరుకోలేదు. ఇంట్లో కూర్చుని తినడం మరిగితే ఇంతేనని ఒకసారి అనేశాను. రెండేళ్ల కిందట, యాభై ఆరేళ్లకే, "అలసిపోయానోయ్" అంటూ ఆయన ఉద్యోగం మానుకుని వచ్చినప్పుడు, ఎందుకంత అలసిపోయారని మాత్రం అడగలేదు.

ఆమె వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది. ఆయన ఉత్సాహంగా తెర మీద వేలు పెట్టారు.

"చూడమ్మా, లోపం ఇక్కడుంది. ఇది ఒక షాపుని అడిగి, వాడు జవాబు చెప్పేదాకా చేతులు కట్టుకుని నిలబడుతోంది. ఆ తర్వాతే రెండోవాడి దగ్గరికి వెళ్తోంది. అలా కాదు. కలిపి అడిగెయ్యాలి. ఎవడు ముందు పలికితే వాడిది రాసుకోవాలి. అలాగని నూటనలభై ఒక్కసారే వదిలితే, ఇదేదో దాడి అనుకుని వాళ్లు తలుపులు మూసేస్తారు. అందుకని ఒక్కో విడతకి ఇరవై. పది సెకన్లలో పలకనివాణ్ని వదిలెయ్యడమే."

"నేను పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఇంత తేటగా వినలేదు సార్" అంది. ముఖస్తుతి కాదు, నిజంగానే అంది.

నేను టీ తీసుకుని వచ్చేసరికి ఆయన మళ్లీ తెర మీద వేలు పెట్టి ఉన్నారు. "చూడమ్మా, లోపం ఇక్కడుంది." అదే వేలు, అవే చేతులు కట్టుకోవడాలు, అవే తలుపులు. ఆమె మొదటిసారి విన్నట్టే తలూపింది. ఒక్క క్షణం నా వంక చూసి, చూపు తిప్పేసుకుంది. భోజనానికి లేచేలోపు మూడోసారి కూడా చెప్పారు.

ఆయన కునుకు తీస్తున్నప్పుడు ఆమె నన్ను పిలిచింది.

"అక్కా, ఫైల్లో ఎప్పుడెప్పుడు ఏం మార్చారో వరసగా దాచి ఉంటుంది. మార్చిన ప్రతిసారీ సార్ పక్కన ఒక ముక్క రాసుకున్నారు. మీరు చదవండి."

చదివాను. "లోపం దొరికింది, ఈ రోజు పూర్తి చేస్తాను." మర్నాటి తేదీ కింద కూడా అదే. ఆ మర్నాడూ అదే. తెర కిందికి జరుపుతూనే ఉన్నాను. ఎనిమిది నెలల పాటు ప్రతి పొద్దున్నా ఆయనకు లోపం కొత్తగా దొరికింది.

"సగం దాకా చక్కగా రాస్తున్నారక్కా. మర్నాడు ఆ సగం దగ్గర ఏం చేయబోయారో గుర్తు రాక, కొట్టేసి మొదటికొస్తున్నారు."

నాలుగో నెలలో ఒక్కచోట మాట మారింది. "నిన్నటిది గుర్తు లేదు. ఆవిడకు తెలియకూడదు."

ఆవిడ అంటే నేను.

"చెయ్యమంటారా?" అంది ఆమె మెల్లగా. "సార్ చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తే గంట పని. లేదంటే కొత్తది వేరేచోట పెట్టి, ఇది ఆయనకే వదిలేస్తాను."

"ఉత్తుత్తి పని ముందు కూర్చోబెట్టమంటావా ఆయన్ని? వద్దు. పూర్తి చేసెయ్యి. అయిపోయిందని తెలిస్తే హాయిగా విశ్రాంతి తీసుకుంటారు" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఏడు నిమిషాలు పట్టే జవాబు ఇరవై రెండు సెకన్లలో వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఆయన తల దువ్వుకుని వచ్చి కంప్యూటర్ ఆన్ చేశారు. కాసేపటికి, "ఏమోయ్, ఇది ఎవరు చేశారు?" అన్నారు. ఆమె గురించి చెప్పాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"అయితే నీకు తెలిసిపోయిందన్నమాట" అన్నారు.

ఆ మర్నాడు మళ్లీ తల దువ్వుకుని వచ్చారు. "ఏమోయ్, ఇది ఎవరు చేశారు?"

"మీరే కదండీ, నిన్న పూర్తి చేశారు" అన్నాను.

తెర దగ్గరికి వంగి చూశారు. "నేనా? నా పద్ధతి నాకు తెలీదుటోయ్? నేనింత పొందిగ్గా రాయను. చెప్పు, ఎవర్ని పెట్టావు?" చెప్పక తప్పలేదు. "అయితే నీకు తెలిసిపోయిందన్నమాట" అన్నారు. నిన్నటి మాటే, నిన్నటి గొంతే. నిన్న తగిలిన దెబ్బే ఆయనకు ఇవాళ కొత్తగా తగిలింది.

మూడో రోజు ఆయన్ని బల్ల దాకా వెళ్లనివ్వలేదు. మంచం మీదే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అంతా నేనే చెప్పాను. ప్రోగ్రాం పూర్తయిన సంగతి, ఎనిమిది నెలల రాతలు, ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళ్లబోతున్న సంగతి. నేనన్న మాటలకు తప్పయిపోయిందని కూడా చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"నిన్న కూడా చెప్పావా ఇదంతా?"

"నిన్న అబద్ధం చెప్పాను. పట్టేసుకున్నారు."

ఆయనకు నవ్వొచ్చింది. అది సగంలోనే ఆగిపోయింది. "మరి రేపు?"

"రేపూ చెబుతాను."

"రోజూ చెప్పి రోజూ ఇలా ఏడుస్తావా? ఉండు, మంచినీళ్లు తెస్తాను" అని లేచి వంటింట్లోకి వెళ్లారు.

ఎంతసేపటికీ రాలేదు. వెళ్లి చూస్తే, ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని పంపు ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి గ్లాసు గట్టు మీద పెట్టేశారు.

"ఏమోయ్, ఆ కళ్లేమిటి అలా ఉన్నాయి? ఎవరేమన్నారు?"