నడిమి ధార

అర్కాదీ లూకిచ్ దొర ఎస్టేటులో సవేలీ కాచే వోడ్కాకు ఆ చుట్టుపక్కల సాటి లేదు. సాటి లేని పని చేతికొచ్చిన బానిసకు విడుదల కూడా లేదు. పనికిమాలిన వాడైతే దొర ఎప్పుడో వదిలేసేవాడని, మంచి పనివాడు కాబట్టే తనిక్కడ చావాలని సవేలీకి తల నెరవకముందే అర్థమైంది.

అందుకే కూతురు ఉస్తీన్యాకు పని నేర్పలేదు. తల్లి లేని పిల్ల, బట్టీ వెచ్చదనంలోనే పెరిగింది. అయినా రాగి బానను తాకనిచ్చేవాడు కాదు. గుమాస్తా అటు వచ్చినప్పుడల్లా దీనికి రుచీ తెలీదు, వాసనా తెలీదు, దీనికంటే రోకలిబండ నయం అని తిట్టిపోసేవాడు. ఊరు నమ్మింది. దొర కూడా నమ్మాడు. పిల్ల మాత్రం నమ్మలేదు. తిట్టిన రోజు రాత్రి తండ్రి కూతురి పళ్లెంలో ఇంకో ముక్క రొట్టె వేస్తాడని దానికి తెలుసు.

ఏటికి అవతలి ఊళ్లో పడవ నడిపే తీఖన్ పిల్లనడిగాడు. అది దొరలు లేని ఊరు. వాణ్ని కట్టుకుంటే ఉస్తీన్యా గానీ, దాని కడుపున పుట్టే పిల్లలు గానీ ఎవరి సొత్తూ కారు. సవేలీ వెళ్లి దొర కాళ్ల మీద పడ్డాడు. మొద్దు పిల్లే కదా, తన పేరుగల పునీతుడి పండుగ కాగానే తీసుకుపొమ్మన్నాడు దొర.

ఆ పండుగకు వోడ్కా కాచాల్సిన వారంలోనే సవేలీ జ్వరంతో మంచాన పడ్డాడు. విందులో కూజాలు ఖాళీగా ఉంటే జ్వరమని చూడను, కొరడా దెబ్బలే అని గుమాస్తా గుమ్మంలో నిలబడి చెప్పిపోయాడు. సవేలీ ఒళ్లెరగకుండా పడి ఉన్నాడు. విన్నది ఉస్తీన్యా.

చేతికి నేర్పలేదు గానీ కళ్లకు గంతలు కట్టలేదు కదా. మొలకెత్తిన రై ధాన్యపు గింజల పిండి పులిసిందో లేదో దానికి వాసనలోనే తెలిసింది. బానలోంచి మొదట జారే ఘాటు ధారను నేల మీద పారబోసింది. చివర తడిసిన ఉన్ని కంపు కొట్టే ధార రాకముందే గిన్నె తీసేసింది. నడిమి ధార ఒక్కటే పట్టింది. అందులో పాలు పోసి, అవి విరిగి మురికిని పట్టుకున్నాక వడకట్టి మళ్లీ కాచింది. బిర్చి చెట్టు బొగ్గుల గుండా వడగట్టి, కాచని ఊటనీళ్లు కలిపింది. మంట తొందరపడితే వోడ్కా పగబడుతుందని సవేలీ రోజూ గొణుక్కునేవాడు. పిల్ల మంటను తొందరపడనివ్వలేదు.

పండుగనాటికి జ్వరం తగ్గింది. జరిగింది విని సవేలీ నెత్తి కొట్టుకున్నాడు. అంతలోనే దొర కబురు వచ్చింది.

ఉస్తీన్యా మేడ గుమ్మం దాకా తోడొచ్చింది. "బాలేదని చెప్పు నాన్నా. నేనేం అనుకోను."

లోపల అతిథులు ఈ సరుకు ఎక్కడ పుట్టిందని వాదులాడుకుంటున్నారు. పోలండువాళ్లదే మొదటి బట్టీ అని ఒకడు, కాదు మాస్కోలో ఎవరో సన్యాసి కాచాడని ఇంకొకడు. పరదేశపు వర్తకులు ద్రాక్షసారాను ఔషధమని తెస్తే, ద్రాక్ష పండని మనవాళ్లు రై గింజలతో కాచుకున్నారని మూడోవాడు. పుట్టింది ఎక్కడైతేనేం, పెరిగింది తన ఇంట్లోనేనని దొర నవ్వి, సవేలీకి గ్లాసు అందించాడు.

"నీ కూతురు కాచిందంటున్నారు. నాకేమో నీ చేతి సరుకులాగే ఉంది. నువ్వు చెప్పు."

ఏం చెప్పాలో సవేలీ దారిలోనే అనుకున్నాడు. పాడుచేసినందుకు పిల్లను కొట్టినా దెబ్బలు మానతాయి, బానిసతనం మానదు. నోట్లో పోసుకుని ఉమ్మేద్దామనుకున్నాడు. నాలుక మీద పడింది. మెత్తగా, చల్లగా, మంచు కరిగినట్టు దిగి, కడుపులో వెచ్చగా కూర్చుంది. వెనక రై రొట్టె తీపి. ఇన్నేళ్లుగా ఎంత కాచినా అందనిది అదే. సవేలీ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి, ముఖం విప్పారింది.

వెంటనే తెప్పరిల్లాడు. "మడ్డి, దొరా. మాడు కంపు కూడాను."

దొర అప్పటిదాకా అతని ముఖమే చూస్తున్నాడు. "నోటికి అబద్ధం నేర్పావు గానీ సవేలీ, మొహానికి నేర్పలేదే."

అందరూ నవ్వారు. పాలిచ్చే ఆవును ఏరు దాటించే వెర్రివాణ్నా నేను అన్నాడు దొర. పెళ్లాం పోయిన బట్టీ కాపలావాడికి ఉస్తీన్యాను కట్టబెట్టమని, పెళ్లిళ్లు జరగని ఉపవాస దినాలు రాకముందే ముహూర్తం చూడమని గుమాస్తాకు అక్కడికక్కడే చెప్పాడు.

సవేలీ బయటికొచ్చాడు. తన నాలుకను తనే కోసుకోవాలనిపించింది. గుమ్మం దగ్గరే అంతా విన్న ఉస్తీన్యా తండ్రిని ఒక్కసారి చూసింది. తీఖన్ మాట ఎత్తలేదు.

"నిజంగా బాగుందా నాన్నా?"

తిట్టడానికి ఇక కారణం లేదు. "నా జన్మలో అంత మంచిది కాచలేదమ్మా" అన్నాడు, అంటూనే ఏడ్చాడు.

లోపలినుంచి ఇంకో కూజా కావాలని కేక వచ్చింది. ఉస్తీన్యా వెళ్లి నింపింది.