అందని షడ్జం

నేను ఒక అరకొలత వాయులీనాన్ని. విజయనగరంలో నన్ను ఫిడేలంటారు. పెద్ద ఫిడేలు పక్కన పెట్టి చూసినవారు మాత్రం "పిల్ల ఫిడేలు" అని నవ్వుతారు. ఆ నవ్వు నాకు కష్టం కలిగించదు. మూడడుగుల నేల అడిగిన వటువును చూచి బలిచక్రవర్తి కొలువు కూడా నవ్వే ఉంటుంది.

పూర్వం నేను మంచుకొండల వాలున నిలిచిన దేవదారును. ఏటికొక వలయం చొప్పున పెరిగేదానను. గొడ్డలి పడిన నాడు ఆ పెరుగుదల నిలిచిపోయింది. కలకత్తాలో ఒక పనివాడు నా పొట్టను పలచగా చెక్కి, మెడ అతికి, నాలుగు తంత్రులు బిగించి నాకు గొంతు ప్రసాదించాడు. అటుపిమ్మట నేను వెంట్రుకవాసి కూడా ఎదగలేదు. ఎదిగినవారందరూ నన్ను పట్టిన పసివారే.

ఫిడేలు నేర్పే సింహాచలం మాస్టారు నన్ను తెచ్చి తన శిష్యులకు అప్పగించారు. ఒక పిల్లవాడు నా తంత్రులను పేలు కుక్కినట్టు నొక్కేవాడు. ఇంకొకతె కమానుతో వాకిలి ఊడ్చినట్టు వాయించేది. చేతులు సాగగానే వారు పెద్ద వాద్యాలకు మారేవారు. మనుషులు తమ మొదటి తప్పులకు సాక్షిగా ఉన్నదానిని అంత ఇష్టంగా తలచుకోరు.

అప్పుడు మాస్టారికి శిష్యురాలుగా హైమవతి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. మాస్టారు వాళ్ళింటికే వెళ్ళి నేర్పేవారు; అక్కడి సంగతులు ఆయన నోట నేను వినేదానను. ఆమె తాతగారు సింహాచలం మాస్టారికి గురువు. గొప్ప వైణికులు కూడా చెవి ఒగ్గి విన్న ఫిడేలు విద్వాంసుడు. ఆయన దివంగతులయ్యాక ఆయన వాయించిన ఫిడేలు దేవుని గదిలో పూజలందుకొంటూ ఉండేది. విజయదశమినాడు హైమ మామ్మ భ్రమరాంబగారు దానికి కుంకుమ పెట్టి, మనవరాలి ఒడిలో ఉంచి, "ఇదే నీకు సరస్వతి" అన్నారు. అది నిండు కొలత వాద్యమని, పిల్ల చేతికి మించినదని మాస్టారికి తెలుసు. కాని గురువుగారి ఫిడేలును వద్దనలేక ఆయన దానిమీదే పాఠాలు మొదలుపెట్టారు.

కూర్చుని వాయించేవారికి ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనాలి. హైమకు అది పాదం దాటి నేలకు దిగేది. సరళి ఆరోహణలో స్వరాలన్నీ ఎలాగో పలికేవి. చివర పై 'స', తారషడ్జం దగ్గర ఉంగరపు వేలు ఎంత చాపినా కావలసిన చోటికి ఒక ధాన్యపు గింజంత ఇవతలే పడేది. పలికే స్వరం కుంగేది. చెవి మాత్రం తాతగారిది. ఆ అపస్వరాన్ని ఆమె ఓర్వలేకపోయేది. అందువల్ల నిషాదం దగ్గరే కమాను ఎత్తేసేది.

"షడ్జం వాయించవే!" అనేవారు మామ్మగారు.

"రాదు మామ్మా."

"ఆయన మనవరాలివి, రాకపోవడఁవేఁవిటే? మొండితనం గాని!"

ఒకనాడు పిల్ల ఫిడేలును చాప మీద పడుకోబెట్టి, "నాకు సంగీతం రాదు. ఇంక మానేస్తాను," అంది. ఏడవలేదు.

మరునాడు మాస్టారు నన్ను చంకన పెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళారు.

"బొమ్మ ఫిడేలు పట్టుకొచ్చేవేఁవిట్రా? ఆయన చేతి ఫిడేలు పనికిరాకపోయిందీ?" అన్నారు మామ్మగారు.

"అపచారం, అమ్మగారూ. అది గొప్పదే. పిల్ల చెయ్యే ఇంకా చాలదు."

"ఎదిగే పిల్లరా! గౌన్లు వదులుగా కుట్టించడం లేదూ?"

"గౌనుకైతే అంచు మడిచి కుట్టిస్తాం. ఫిడేలుకి మడత ఎక్కడ పెట్టమన్నారు, అమ్మగారూ?"

హైమ కిసుక్కుమంది. మామ్మగారు నవ్వు ఆపుకోవడానికి పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకొన్నారు.

"చెయ్యి చాపు తల్లీ," అన్నారు మాస్టారు. నా అడుగుభాగం ఆమె మెడకు ఆనించి, నా తలను చాచిన ఎడమచేతి దగ్గరకు చేర్చారు. చిన్న అరచెయ్యి నా తల చుట్టూ పూర్తిగా మూసుకొంది. మోచేయి కొంచెం వంగింది కూడా. కొలత కుదిరింది. పిదప ఆమె కూర్చుని, నన్ను గుండెకు చేర్చి, చీలమండ మీద నా తలను నిలిపింది.

స, రి, గ, మ, ప, ద, ని. అలవాటుకొద్దీ కమాను పైకి లేచింది. ఉంగరపు వేలు కదిలి, తడబడి, దిగింది. కమాను మళ్ళీ తంత్రిని తాకింది.

షడ్జం!

ఎన్ని పసివేళ్ళను మోశాను! ఐనా ఆ క్షణాన నా పొట్టలోని గాలి అంతా దేవాలయమయింది. అది నాలోంచి పుట్టిందంటే నాకే నమ్మకం కలగలేదు. హైమ కమానును చివరికంటా లాగి, మళ్ళీ లాగి, కళ్ళు విప్పార్చుకొని వింది. భ్రమరాంబగారు గోడకు చేరగిలి, "పిల్లని మొండిదన్నాను, నేనో ముండని... వేలు అందక పాపం," అని కళ్ళొత్తుకొన్నారు.

పిల్ల మానలేదు.

ఆ తరువాత నేను చూసినది వేదాలు కూడా పూర్తిగా వర్ణించలేని వింత. నిన్నటి వేలు నేటి వేలు కాదు. ఎవడు, ఏ వేళ వచ్చి, ఏ నొప్పీ తెలియకుండా ఆ ఎముకలను సాగదీసి వెళ్ళేవాడో! కన్నతల్లి కూడా చూడని ఆ పనిని తంత్రి మీద నేను తెలుసుకొన్నాను. చివరకు ఆమె వేళ్ళు నా మెడమీద ఒకదానినొకటి ఒరుసుకోసాగాయి.

"మాస్టారూ, ఇది ఇరుకైపోయిందండీ," అంది హైమ. తన పరికిణీ అంచుతో నా ఒంటి మీద కమాను రాల్చిన పొడి తుడిచి ఆయన చేతికిచ్చింది. నాకూ తాతగారి ఫిడేలుకూ నడుమ ముప్పావు కొలత ఫిడేలు కొన్నేళ్ళు సేవ చేసింది. నన్ను కొత్తగా వచ్చే పిల్లకోసం ఎప్పటికప్పుడు శ్రుతి చేసి మాస్టారు తన ఇంటి గోడకు తగిలించి ఉంచేవారు.

నిన్న హైమ ఆ ఇంటికే వచ్చింది. పొడుగరి అయింది. తాతగారి ఫిడేలును గుండెకు ఆనించి ఆరోహణ ఎత్తుకొంది. వేలు అనాయాసంగా సాగి తారషడ్జం మీద నిలిచింది.

నన్ను ఎవరూ తాకలేదు. నా కమాను పెట్టెలోనే ఉంది. ఐనా నా షడ్జపు తంత్రి తనంత తాను వణికి, సన్నగా పలికింది.

హైమ వాయించడం ఆపకుండానే తలెత్తి గోడవైపు చూసింది.