చెక్క మీద ఇసో కళ్ళు

గెన్షిచికి నడుం వంగిపోయింది, చూపు మసకబారింది. అయినా జపాన్‌లోని ఎడో పట్నంలో అచ్చుబొమ్మల మొహాలు చెక్కాలంటే ఇప్పటికీ అతనే దిక్కు. చిత్రకారుడు గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం ఉబ్బెత్తుగా నిలిచేలా చుట్టూ చెక్కేయడం అతని పని. పని ముగిసేసరికి ఆ కాగితం మిగలదు. అందుకే ఈ వృత్తిలో గీత మార్చడాన్ని మించిన పాపం లేదంటారు.

ఈసారి మార్చాడు. బొమ్మలో ముగ్గురు గుడ్డి పాటకత్తెలు, మొదటిది షామిసెన్ అనే తీగల వాద్యం వాయిస్తుంటే మిగతా ఇద్దరూ ముందు మనిషి మూట మీద చెయ్యేసి, వరసగా నడుస్తున్నారు. చివరిదాని చెవి, గడ్డం అచ్చం తన కూతురు ఇసో పోలికే. మశూచితో చూపు పోయిన పిల్లను అలాంటి గుంపుకే అప్పగించింది తనే. చిత్రకారుడు ముగ్గురికీ మూసిన కళ్ళే గీస్తే, కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, గెన్షిచి సిరాతో దిద్ది ఆ ఒక్కదానికీ కళ్ళు తెరిపించి చెక్కాడు. రేపు చిత్రకారుడు మొదటి అచ్చు చూస్తే తిట్లు తప్పవు. తిట్టనీలే అనుకున్నాడు. పిల్ల మెచ్చుకుంటే చాలు.

మధ్యాహ్నం వీధిలో షామిసెన్ తీగలు మోగాయి. ఏటా ఈ రోజుల్లో ఇసో గుంపు ఇటే వస్తుంది. ఆమె గడప దగ్గర పాడుతుంది, అతను బియ్యం పోస్తాడు, అంతకుమించి మాట ఉండదు. ఈసారి గుంపు పెద్ద ఒఫుజిని బతిమాలుకుని కూతుర్ని లోపలికి తీసుకొచ్చాడు.

"తొందరగా కానీ నాయనా, మా కాళ్ళేం చెక్కవి కావు" అంటూ ఆవిడ అరుగు మీద కూలబడింది.

ఇసో వేళ్ళు చెక్కంతా తడిమాయి. మొదటామె ఎడమ చేత్తో వాయిస్తుందా అని నవ్వింది. చెక్క మీద కుడిఎడమలు తారుమారుగా ఉంటాయి, కాగితం మీద సరిగ్గానే పడుతుందన్నాడు.

"చివర్న ఎవరు?"

"నువ్వే తల్లీ."

వేళ్ళు కళ్ళ దగ్గర ఆగాయి.

"కళ్ళుంటే నన్ను పంపించేవాడివా నాన్నా? ఇది నేను కాదు."

గెన్షిచికి సిగ్గేసింది. ఇన్నేళ్ళ అలసటా ఒక్కసారే భుజాల మీద పడింది. కత్తి తీసుకుని నల్లగుడ్లూ, కింది గీతలూ చెక్కి తీసేశాడు. ఈ పనిలో తీసేయడమే గానీ మళ్ళీ పెట్టడం లేదు. పై రెప్ప గీతలు మాత్రం మూసిన కళ్ళలా మిగిలాయి.

ఇసో మళ్ళీ తడిమింది. "ఆఁ, ఇది నేనే" అంది. వేలు కాసేపు అక్కడే ఉంచింది. తర్వాత తడుముకుంటూ వెళ్ళి, ఒఫుజి మూట మీద చెయ్యేసింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక, బియ్యం పోయలేదని గెన్షిచికి గుర్తొచ్చింది. గిన్నె అందుకుని లేవబోయాడు. నడుం లేవనివ్వలేదు.