మిషన్ తప్పు చూపిస్తోందండీ!

నేను ఒక బీపీ మిషన్ని. చేతికి పట్టీ చుట్టి బొత్తాం నొక్కితే గాలి నింపుకుంటాను, మెల్లగా వదులుతాను, రెండు అంకెలు చూపిస్తాను. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. మీ ఇంట్లోనూ నాలాంటిది ఒకటి ఏ టీవీ కిందో మూలుగుతూ ఉండే ఉంటుంది. అది తక్కువ అంకె చూపించిన రోజున మీరు దాన్ని మెచ్చుకోరు, మీ ఒంటినే మెచ్చుకుంటారు. ఎక్కువ చూపించిన రోజున మాత్రం తప్పు దానిది. "మిషన్ తప్పు చూపిస్తోందండీ" అన్న మాట నేను ఎన్నిసార్లు పడ్డానో చెబితే మీకు సిగ్గేస్తుందనుకునేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు అలాంటి ఆశలేమీ పెట్టుకోవడం లేదు.

ఎక్కడ పుట్టానో నాకే సరిగ్గా తెలియదు. అట్టపెట్టె మీద ఒక దేశం పేరుంది, నా అడుగున అంటించిన కాగితం మీద ఇంకో దేశం పేరుంది. ఓడలో వచ్చి, లారీలో ఊగి, చివరికి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో కూర్చున్నాను. నన్ను మొదట కొన్నది ఒక ప్లీడరు గారు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని కోర్టులో సాక్షుల మీద విరుచుకుపడే మనిషి. నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "ఇదేం మిషనయ్యా బాబూ, మనిషిని చంపేసేలా ఉంది" అంటూ మర్నాడే నన్ను షాపులో పడేసి పోయాడు. షాపాయన నన్ను గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టి, కొత్తదని చెప్పి ఇంకొకరికి అమ్మేశాడు.

ఆ ఇంకొకరు జోగారావు గారు. ఓడల్లో ఇంజనీరుగా ఏళ్ల తరబడి లోకమంతా తిరిగి, రిటైరై, కాకినాడలో ఫ్లాటు కొనుక్కున్న మనిషి. ఆయన భార్య హైమావతికి బీపీ ఉందని డాక్టరమ్మ చెప్పిన రోజున నన్ను ఇంటికి తెచ్చాడు. భోజనాల బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కనే నాకు చోటిచ్చారు. రోగాన్నీ దాన్ని కొలిచే మిషన్నీ ఒకే బల్ల మీద పెట్టుకుని కమ్మగా భోంచేసే తెలివి మనుషులకు తప్ప ఇంకెవరికి ఉంటుంది?

ఇంజనీరు కదా, నాతో వచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాడు. నా తేదీ, టైము తన చేతులతోనే సరిచేశాడు.

"హైమా, ఇది చూసిన ప్రతి బీపీనీ తారీఖుతో సహా గుర్తుపెట్టుకుంటుందోయ్. ఇద్దరివి విడివిడిగా దాస్తుంది. ఒకటో బొత్తాం నీది, రెండోది నాది."

"మీకెందుకండీ? మీకేం రోగం?"

"ఉండనీ, ఉత్తినే" అని నవ్వాడు.

హైమావతి పద్ధతైన మనిషి. రోజూ కాఫీకి ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, నోరు మెదపకుండా నన్ను కట్టుకునేది. తర్వాత మాత్ర వేసుకునేది. ఆవిడ అంకెలు కూడా ఆవిడలాగే ఉండేవి, పెద్ద ఎగుడుదిగుళ్లు లేకుండా. ఒక విదేశీ కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటర్లో లెక్కలు చూసే ఉద్యోగం ఆవిడది. భర్త చూడని రేవు లేదు. ఆవిడ రాజమండ్రి దాటి వెళ్లింది బహు తక్కువ. ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్లు తమ దేశానికి వచ్చి ఉండొచ్చని స్పెయిన్ వాళ్లు వీసా ఇస్తున్నారని తెలిసిన రోజున ఆవిడ ముఖం మీరు చూడాల్సింది. వీసా ఆవిడ పేరు మీద వస్తుంది. జోగారావు గారు వెంట వెళ్లే భర్త, అంతే.

"సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకోయ్? కాకినాడలో లేదా?" అన్నాడాయన.

"ఉందండీ. ఇన్నేళ్లూ ఇటువైపు నుంచే చూశాను. అటు ఒడ్డున ఏముందో కూడా చూడాలనుంది" అంది.

ఆ వీసాకు కావలసినవాటిలో అన్నిటికంటే తిరకాసైనది ఆరోగ్య బీమా. బీమా అనగానే తెలుగువాళ్లు ఏ పాలసీ మంచిదని అడగరు, మనవాళ్లలో ఏజెంటు ఎవరని అడుగుతారు. మనవాడు ఉండనే ఉన్నాడు. హైమావతి చెల్లెలి మొగుడు వీర్రాజు, అమలాపురం నుంచి బ్యాగుతో సహా దిగాడు. గారెలు తిన్నాడు. సరదాకి నన్ను కట్టించుకుని చూశాడు, "తప్పు చూపిస్తందండీ ఇది" అని తీర్పు చెప్పాడు. తర్వాత బ్యాగు తెరిచాడు.

"వదినగారూ, ఇది ప్రపంచమంతా పనిచేసే పాలసీ అండి. విమానంలో సామాను పోయినా డబ్బులిచ్చేస్తారండి."

"సామాను సంగతి కాదు మరిదిగారూ. అక్కడ ఏడాది పొడుగునా ఆస్పత్రి ఖర్చంతా భరించేది కావాలంట."

"అన్నీ ఉన్నాయండి బాబూ, ముందు సంతకం పెట్టండి మీరు. మనోళ్ల దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర తీసుకుంటారండి?"

సంతకాలు పడ్డాయి. పాలసీ ఎవరూ చదవలేదు. ఓడ ఇంజన్ల పుస్తకాలూ నా పుస్తకమూ నమిలి మింగిన జోగారావు గారు కూడా చదవలేదు. ఎదురుగా కూర్చుని చదివితే వీర్రాజు నొచ్చుకుంటాడట! ప్రాణాలు కాపాడే కాగితాన్ని తోడల్లుడి మర్యాద కోసం చదవకుండా సంతకం పెట్టే జాతి ఇంకెక్కడైనా ఉంటే నాకు చూపించండి.

హైదరాబాదులో వీసా పనులు చూసే కన్సల్టెంటు ఆ పాలసీని చూసి ఫోన్లోనే నవ్వాడు. అది ఊళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లదట, కాపురం ఉండబోయేవాళ్లది కాదట. బీమా ఇచ్చే కంపెనీకి స్పెయిన్‌లో పనిచేసే అనుమతి ఉండాలి. డాక్టరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ ఖర్చులో వాటా మన జేబులోంచి కట్టే షరతు ఉండకూడదు. ఫలానా జబ్బుకు మొదటి కొన్నాళ్లు పైసా ఇవ్వం అనే గడువులూ ఉండకూడదు. ఇవన్నీ స్పీకర్‌లో నేనూ విన్నాను. నాకు ఒక్కసారికే అర్థమైంది. జోగారావు గారికి కాలేదు. రెండు రోజులు వెతికి, చవగ్గా వస్తుందని వాటా కట్టే పాలసీనే పట్టుకొచ్చాడు.

"వాటా ఉండకూడదన్నారుగా?" అంది ఆవిడ.

"అంత వివరంగా ఎవడు చూస్తాడోయ్?"

"చూస్తారండీ. చూడ్డమే వాళ్ల పని."

చివరికి హైమావతే నా పక్కన కంప్యూటర్ పెట్టుకుని, ఒక్కో పాలసీ షరతులూ వరసగా చదివింది. వాటా లేనిది, గడువు లేనిది, సమస్తం భరించేది ఒకటి ఎంచింది. ధర ఎక్కువే. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ కంపెనీ బీమా ఇచ్చే ముందు నిజం అడుగుతుంది. మీకు ఏ జబ్బులున్నాయి, ఏ మందులు వాడుతున్నారు అని. ఆవిడ తనకు బీపీ ఉందని, మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుందని రాసింది. ఆయన తనకు ఏ జబ్బూ లేదని రాశాడు.

ఆయన గురించి మీకొకటి చెప్పాలి. ఓడ ఎక్కే ముందు ప్రతిసారీ డాక్టరు పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే ఉద్యోగం లేదు. కాబట్టి ఓడవాళ్లకు ఆ ఒక్క పూటకు ఒంటిని సిద్ధం చేసే విద్య ఒకటి అబ్బుతుంది. ముందు రోజు ఉప్పు మానడం, కాఫీ మానడం, డాక్టరు గది బయట కళ్లు మూసుకుని కూర్చోవడం. జోగారావు గారు ఆ విద్యలో ఆరితేరినవాడు. ఒంట్లో ఏముందో తెలుసుకోవడం కాదు, పరీక్ష గట్టెక్కడమే ఆరోగ్యం అని ఆయన నమ్మకం.

కానీ ఆ ప్రశ్నలు ఆయన్ను కుట్టాయి. ఒకరోజు ఆవిడ కింద కూరల బండి దగ్గరకు వెళ్లగానే నన్ను చేతికి చుట్టుకున్నాడు. నూట ఎనభై మీద నూటపది. ఆయన నావైపు గుర్రుగా చూశాడు. బ్యాటరీలు తీసి కొత్తవి వేశాడు. అదే అంకె. ఎడమచేతికి మార్చాడు. కొంచెం ఎక్కువే వచ్చింది. అప్పటి నుంచి ఆవిడ గడప దాటితే చాలు, నా మీద పడేవాడు. ఏదో ఒకరోజు జాలిపడి నేను మంచి అంకె చూపిస్తానని ఆశ.

అంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ రెండో బొత్తాం నొక్కితే తన ఖాతాలో అంకెలు మిగిలిపోతాయి, ఆవిడ కంట పడతాయి. అందుకని ఆ మహానుభావుడు ఒకటో బొత్తాం నొక్కాడు. ఆవిడకు ఎలాగూ బీపీ ఉందిగా, నాలుగు పెద్ద అంకెలు అందులో కలిస్తే ఏమవుతుంది అనుకున్నాడు.

ఏమవుతుందో నేను చూశాను. నెల చివర డాక్టరమ్మ నా జ్ఞాపకంలోని అంకెలు చూసి కంగారుపడి, పొద్దున మామూలుగానే ఉంటోందని హైమావతి అన్నా వినకుండా, మాత్ర మోతాదు పెంచేసింది. ఉన్న బీపీ అదుపులోనే ఉంది, దాని మీద ఇంకాస్త మందు. వారం తిరక్కుండానే ఆవిడ కూరల సంచీతో మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. పక్క ఫ్లాటు వాళ్లు పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆయన గబగబా మజ్జిగ కలిపి తెచ్చాడు. "ఎండ కదోయ్" అన్నాడు. అంటూ ఒక్కసారి నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ప్లీడరు గారు కూడా నన్ను షాపులో పడేసేటప్పుడు అలాగే చూశాడు. జోగారావు గారు నన్ను తీసి పెట్టెలో పెట్టి మూత వేశాడు. నాకు అరవడం వచ్చుంటే ఆ రోజు వీధంతా వినపడేలా అరిచేదాన్ని.

బీమా కంపెనీ ఆవిడ అంకెలు పంపమంది. చూసి, ఇలాగైతే బీమా ఇవ్వలేమేమో, ముందు మా డాక్టరు వీడియోలో మాట్లాడాలి అంది. బీమా లేకపోతే వీసా లేదు. హైమావతి రెండు రోజులు సరిగ్గా తినలేదు. "నాకే ఎందుకండీ ఇలా అయింది?" అని ఆయన్నే అడిగింది. ఆయన ఓదార్చాడు. ఓదార్చడంలోనూ ఆయన ఇంజనీరే, ఎక్కడా గొంతు వణకలేదు.

వీడియోలో ఒక చిన్న వయసు డాక్టరు వచ్చింది. అంకెలు తారీఖులతో సహా చదవమని ఇంగ్లీషులో అడిగింది. హైమావతి కళ్లద్దాలు పెట్టుకుని, నన్ను చేతిలోకి తీసుకుని, ఒక్కో తారీఖూ చదువుతూ వచ్చింది. పద్నాలుగో తారీఖు దగ్గర ఆగిపోయింది. నూట ఎనభై నాలుగు.

"ఏవండీ, పద్నాలుగున నేను అమలాపురంలో ఉన్నాను కదా? చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి ముందే వెళ్లిపోయానుగా?"

జోగారావు గారు గొంతు సవరించుకున్నాడు. "మిషన్... తేదీ తప్పు చూపిస్తోందేమో."

"తేదీ పెట్టింది మీరే."

డాక్టరు అటు నుంచి ఏమైందని అడిగింది. హైమావతి తడబడకుండా ఇంగ్లీషులో జవాబిచ్చింది. "ఇందులో పెద్ద అంకెలు నావి కావు. నా పక్కన కూర్చున్న మా ఆయనవి."

ఫోను పెట్టేశాక ఆయన వైపు తిరిగింది.

"మెట్ల మీద పడిపోయానే, అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"భయమేసింది హైమా. నా మూలంగా నీ ప్రయాణం ఆగిపోతుందని."

"మీ మూలంగానే ఆగిపోబోయింది. నా పేరు మీద."

ఆయన తల దించుకున్నాడు. నాకు ఏమాత్రం జాలి వేయలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆవిడ మాత్ర పాత మోతాదుకు వచ్చింది, కళ్లు తిరగడం పోయింది. డాక్టరమ్మ ముందు కూర్చుని మళ్లీ చూపించుకున్న అంకెలు పంపితే కంపెనీ ఆవిడకు బీమా ఇచ్చింది. ఆయన్ను మాత్రం ముందు వైద్యం చేయించుకోమంది, బీపీ అదుపులోకి వచ్చాక నిజం రాసి మళ్లీ అడగమంది. ఆవిడకు వీసా వచ్చిన రోజున ఆయన వీసా లేని తన పాస్‌పోర్టు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"నువ్వు ఒక్కదానివే ఎలా వెళ్తావు?"

"మీరు ఇన్నేళ్లూ ఎలా వెళ్లారో, అలాగే" అంది హైమావతి, చీరలు మడత పెడుతూ.

ఆవిడ వెళ్లింది. నన్ను తీసుకెళ్తుందనుకున్నాను. "అక్కడ ఇంకోటి కొనుక్కుంటాను. దీంతో మీకే పని" అని నన్ను ఆయన ముందు పెట్టి వెళ్లింది. ఆవకాయ జాడీని మాత్రం పక్క ఫ్లాటు వాళ్లకు ఇచ్చేసింది.

ఇప్పుడు జోగారావు గారికి ఎదురుచూడటం అంటే ఏమిటో తెలుస్తోంది. మాత్ర వేసుకుంటాడు, చప్పటి కూర తింటాడు, ఫోను బల్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంటాడు. ఓడ మీద నుంచి ఆయన ఎప్పుడు చేస్తాడా అని ఆవిడ ఇలాగే కూర్చుని ఉంటుంది. అప్పుడు ఆయనకు ఆ సంగతి తట్టినట్టు లేదు.

నిన్న ఆవిడ వీడియో చేసింది. వెనక తెల్లటి గోడలు, వాటి సందులో సముద్రం ముక్క ఒకటి.

"బీపీ ఎంతుంది?"

"బాగానే ఉందోయ్. మామూలే."

"మీ మాట వద్దండీ. మిషన్ని చూపించండి."

ఆయన పట్టీ చుట్టుకున్నాడు. వేలు అలవాటు కొద్దీ ఒకటో బొత్తాం మీదికి పోయింది. అక్కడ ఆగింది. తర్వాత రెండోది నొక్కాడు. నేను గాలి నింపుకున్నాను, వదిలాను, ఉన్నది ఉన్నట్టు చూపించాను. నూట ముప్పై మీద ఎనభై రెండు. ఆయన నన్ను ఎత్తి ఫోను ముందు పట్టుకున్నాడు. ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని చదివింది. చదివి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చూశావా" అన్నాడు జోగారావు గారు. "మిషన్ బాగుపడిందోయ్!"