మొగిలి ఘాటులో నిలబడిన బండి

మొదటి దెబ్బ భుజం మీద వేశాను. జాకీ రాడ్డు దిగగానే లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. తల మీద కూడా వేయగలిగేవాణ్ణే. కానీ వాడి నోరు నాకు కావాలి. విరిగిన ఎముకకైతే పుత్తూరులో కట్టు కడతారు, నెలా నెలన్నరలో అతుక్కుంటుంది. మనిషిని చంపిన మాటకు కట్టు ఎవడు కడతాడు? ఆ పూట నా ఆలోచన అక్కడిదాకానే సాగింది.

వాడి పేరు హేమచంద్ర, తిరుపతి మనిషి. సరుకు బండ్ల మీద వీడియోలు తీసి పెడతాడు. ఏ బండి ఎంత బరువు లాగుతుంది, ఎంత దూరం పోతుంది, ఎక్కడ చెడుతుంది అన్నీ చెబుతాడు. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడికాయలు తోలే డ్రైవర్లం అందరం వాడి మాట వినేవాళ్ళం. నేను ఫోన్ చేసి, "నా పేరు మునిచంద్ర. కరెంటు పికప్పు కొని నడిపినాను. దాని మంచీ చెడ్డా సెప్తాను, వీడియో లోడుతోనే తీసుకుందువు రా" అంటే మరుసటి రోజు పొద్దున్నే వచ్చేశాడు. వెంట ఎవరూ లేరు. వాడెప్పుడూ ఒక్కడే వీడియో తీసుకుంటాడు.

సీజను అయిపోయి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూసి ఉంది. దాని వెనక గోడ పక్కనుంచి ఎక్కే మట్టిరోడ్డు మీద మనిషి అలికిడి లేదు. అక్కడే బండి పెట్టాను. మూతి ఎత్తు వైపు, వెనకంతా ఇసుక మూటలు, వెనక చక్రానికి అడ్డంగా ఓ రాయి. వాడు మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా నిలబెట్టి, ఆన్ చేసి, చొక్కా సర్దుకుని, "అందరికీ నమస్కారమప్పా" అన్నాడు. అప్పుడు కొట్టాను. కెమెరాను ఆపలేదు. అది నడవాలనే నా కోరిక.

వాడు మోకాళ్ళ మీద పడి, భుజం పట్టుకుని, "ఏం సేసినానప్పా నేను?" అన్నాడు.

"ధనుంజయ తెలుసునా నీకు?"

"ఎవురు?"

ఆ మాటకు రెండో దెబ్బ తొడ మీద పడింది.

ధనుంజయ నా తమ్ముడు. నాకంటే పదకొండేళ్ళు చిన్న. నాయన పోయాక నేనే పెంచాను, నేనే కోమలితో పెళ్ళి చేశాను. డీజిల్ బండి వదిలించుకుని కరెంటుది తీసుకుందామని వాడంటే నేను ససేమిరా అన్నాను. అప్పుడు వాడు హేమచంద్ర వీడియో చూపించాడు. అందులో హేమచంద్ర లోడు బండిని మొగిలి ఘాటు ఎక్కిస్తాడు. సగం ఎత్తులో ఆపి, కీ తీసి, దిగి, రోడ్డు పక్కన టెంకాయ నీళ్ళు తాగుతాడు. తర్వాత బండి వెనక్కి పోయి, వెనక తలుపు మీద ఎద్దును తట్టినట్టు తట్టి, "సూడండి, రవ్వంత కూడా కదల్లేదు" అంటాడు. వెనకాల డప్పుల పాట ఒకటి మోగుతుంటుంది. ఆ తట్టడం చూసి నేను పడిపోయాను. నలభై సార్లయినా చూసి ఉంటాను.

మాలాంటి వాళ్ళకు బండి ఎత్తులో నిలబడడమే ముఖ్యం. నేను పదిహేనో ఏట లారీ క్లీనరుగా చేరి బండి నేర్చుకున్నవాణ్ణి. మా బండ్లకు హ్యాండ్ బ్రేకు ఉందన్న పేరేగానీ దాని తీగ తెగి ఏళ్ళయి ఉంటుంది, ఎవరూ వేయించరు. ఎత్తులో ఆపితే ఫస్టు గేరులో వేసి ఇంజను ఆపేస్తాం. ఆగిన ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇంకా ధైర్యానికి చక్రం వెనక ఓ రాయి పెడతాం. ఇరవై ఏడేళ్ళలో నా ఎడమచెయ్యి ఆ బ్రేకు వైపు పోయిన గుర్తు లేదు. కరెంటు బండిలో గేర్లు లేవు. ముందుకూ వెనక్కూ ఒక మీట, అంతే. మీటను ముందుకు ఉంచి కీ తీస్తే, గేరులో పెట్టినట్టే నిలబడుతుందనుకున్నాను. వీడియోలో నిలబడింది కదా.

బండి ఇంటికొచ్చి పన్నెండు రోజులు. తోతాపురి కాయలతో ఇదే ఫ్యాక్టరీ ముందు లైనులో ఉన్నాం. లైను పెద్దదై వెనక రోడ్డు దాకా, ఇదే ఎత్తు దాకా వచ్చింది. లైనులో అది రెండో రోజు, మధ్యాహ్నం. ముందు బండి ఒకటి లోపలికి పోతే మేమందరం నాలుగడుగులు జరుగుతాం. జరిగిన ప్రతిసారీ తమ్ముడు దిగి రాయి తీస్తాడు, మళ్ళీ పెడతాడు. ఎండకు నాకు చిరాకెత్తింది.

"ఎన్నిసార్లు పెడ్తావురా ఆ రాయి? ఈ బండికి అక్కర్లేదు. వీడియోలో సూసినావు గదా" అన్నాను.

"ఉండనీలే అన్నా, ఒక రాయికేం" అన్నాడు వాడు.

"పారెయ్ రా" అని అరిచాను.

వాడు నవ్వి, రాయిని పక్క కాలువలోకి విసిరేసి, సడలిన తాడు బిగించడానికి వెనక్కి పోయాడు. నేను మీట అలాగే ఉంచి, కీ తీసి, నీళ్ళ కోసం దిగాను. పది అడుగులు కూడా వేయలేదు. బండి వెనక్కి జారింది. శబ్దం లేని బండి, జారడం కూడా శబ్దం లేకుండానే జారింది. వెనక ట్రాక్టరు ట్రాలీ ఇనుప అంచుకు తమ్ముణ్ణి ఛాతీ దగ్గర అదిమేసింది. బండిని ముందుకు లాగితే వాడు నిలబడలేక కాయల మధ్య కూలబడ్డాడు. పక్కటెముకలు చొక్కాలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. ఏదో చెప్పబోయాడు, మాటకు బదులు రక్తం వచ్చింది. నన్ను పట్టుకోవడానికొచ్చిన వాళ్ళను కొట్టాను, బండి అద్దాలు తలతో పగలగొట్టాను. చిత్తూరు ఆసుపత్రి చేరకముందే వాడి చెయ్యి చల్లబడింది.

పెద్దకర్మ రోజు కోమలి నన్ను ఒక్కటే అడిగింది. "రాయి ఏల పెట్లేదు బావా?"

"వాడు మర్సిపోయినాడమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. చచ్చినవాడి మీదికి తోసేశాను. ఆమె తల ఊపింది. మొగుడి మతిమరుపును తిట్టుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపు రెండు నెలలు విన్నాను. విన్న కొద్దీ నాకు హేమచంద్ర మీద కసి పెరిగింది. తప్పు వాడిదని వాడి నోటితోనే కెమెరాలో చెప్పించి, దాన్ని కోమలికి చూపించాలి. అది చూపిస్తే నా అబద్ధం కూడా అందులో కలిసిపోతుందనుకున్నాను.

అందుకే ఆ రోజు వాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, బండికి నాలుగు గజాల కింద ఉన్న కంచె రాతిస్తంభానికి నడుం దగ్గర తాడుతో కట్టేశాను. కాయల లోడుకు వేసే ముడి, విప్పడం వాడి వల్ల కాదు. విరిగిన చెయ్యి వేలాడుతోంది. ఫోను లాక్కున్నాను. చక్రం కింద రాయిని జాకీ రాడ్డుతో కొట్టి తప్పిస్తే నేను బండెక్కి బ్రేకు తొక్కేలోపే జారిపోతుంది, అందుకని రాయికి తాడు కట్టి, ఆ తాడు కొస పట్టుకుని ఎక్కి కూర్చున్నాను. బ్రేకు తొక్కి పట్టి, తాడు లాగాను. రాయి పక్కకు వచ్చేసింది. ఇక ఆ టన్నున్నర ఇసుకకూ వాడికీ మధ్య ఉన్నది నా కుడికాలు ఒక్కటే.

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "కదల్లేదన్నావే వీడియోలో. కాలు తీస్తాండా, కదుల్తాదో లేదో నువ్వే సూడు. లేదంటే అబద్ధం సెప్పినానని ఆ కెమెరాకు సెప్పు."

"అబద్ధం సెప్పలేదప్పా" అన్నాడు వాడు ఏడుస్తూ. "నిజంగానే కదల్లేదు."

కాలు కొంచెం సడలించాను. బండి ఒక జానెడు వెనక్కి జరిగింది. వాడు కేక పెట్టాడు. ఆ కేక నాకు హాయిగా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మళ్ళీ తొక్కి పట్టాను.

"నా ఫోన్లో ఉండాది" అన్నాడు వాడు, ఊపిరి అందక. "ఆ వీడియోనే, ఏం కత్తిరించంది, పాట కలపంది. మొగిలి ఘాటు అని రాసి పెట్టినాను. సూడప్పా, దండం పెడ్తా."

ఫోను తెరిచే నంబరు చెప్పాడు. తెరిచాను. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి చూశాను. అదే ఘాటు, అదే బండి, వాడి చొక్కా కూడా అదే. కెమెరా రోడ్డు మీద ఉంది, వాడు లోపల అద్దం వెనక కనిపిస్తున్నాడు. డప్పుల పాట లేకపోయేసరికి అది వేరే వీడియోలా ఉంది. గాలి వినిపిస్తోంది, ఎక్కడో లారీ ఎక్కుతున్న చప్పుడు. బండి ఆగింది. తర్వాత కిర్రుమని ఒక చప్పుడు. ఆ తర్వాతే తలుపు తెరుచుకుంది. వాడు దిగి, టెంకాయ కొట్టే మనిషి దగ్గరికి పోయాడు.

మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. కిర్రు. ఇంకోసారి విన్నాను.

"ఏమిరా ఈ సప్పుడు?"

"ఏది?"

"తలుపు తీసే ముందు."

ఫోను కిటికీలోంచి బయటపెట్టి మళ్ళీ వినిపించాను. వాడు విని, నెమ్మదిగా అన్నాడు. "అది హ్యాండ్ బ్రేకప్పా. దిగే ముందు ఎవురైనా ఏస్తారు గదా. నేను డ్రైవింగు స్కూల్లో నేర్సుకున్న దినం నించీ నా సెయ్యి అదే పోతాది. అది గూడా సెప్పాలని నాకు తట్టలేదు. పాట పెడితే వినపడలేదేమో."

వాడు నాటకం ఆడలేదు. అంత నొప్పిలో ఎవరూ ఆడలేరు. వాడి చెయ్యి వాడికి తెలియకుండానే బ్రేకు మీదికి పోయింది, నా చెయ్యి పోలేదు. అంతే జరిగింది. నా తమ్ముణ్ణి చంపింది అబద్ధమైతే బాగుండేది, అబద్ధాన్ని కొట్టవచ్చు. నేను కొట్టింది ఒక అమాయకుణ్ణి. నా తమ్ముడి వయసే వాడిది. ముందు వాడి కట్లు విప్పాలి, నీళ్ళు తాగించాలి, పుత్తూరు తీసుకుపోవాలి, కాళ్ళు పట్టుకోవాలి. ఇవన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి.

కీ తీసి జేబులో వేసుకుని దిగాను.

"హ్యాండ్ బ్రేకు ఏసినావా అప్పా?" అన్నాడు హేమచంద్ర.

ఆ మాట విన్నాను. విని నా ఎడమచేతిని చూసుకున్నాను. అప్పటికే బండి నా భుజాన్ని రాసుకుంటూ వెనక్కి పోతోంది. తలుపు పట్టుకుని లాగాను, అది నన్నే ఈడ్చుకుపోయింది. వాడు బాగున్న చెయ్యి అడ్డం పెట్టాడు. స్తంభం విరగలేదు, వాడు విరిగాడు. బండి వెనక తలుపుకూ రాతికీ మధ్య వాడి నడుం బెత్తెడైంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. పుత్తూరు దాకా పోయే అవసరం లేకపోయింది.

వాచ్‌మన్ పెంచలయ్య భోజనం చేసి వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది.

పోలీసు స్టేషన్లో ఆ వీడియో నాకు చూపించారు. తర్వాత కొంత ముక్క ఎలా బయటపడిందో ఫోన్లలోకి ఎక్కింది. అందులో ఒకడు ఇంకొకణ్ణి రాడ్డుతో కొడతాడు, స్తంభానికి కడతాడు, రాయి లాగేస్తాడు, కీ జేబులో వేసుకుని దిగుతాడు. కట్లలో ఉన్నవాడు బ్రేకు గురించి అడుగుతాడు కూడా. చూసినవాళ్ళు నన్ను నడిరోడ్డులో నరకాలన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. అందరూ బొమ్మ చూస్తున్నారు. నేను మాత్రం తలుపు తెరుచుకునే ముందు ఆ కిర్రు కోసం విన్నాను. అది లేదు.

లాయరు ప్రసన్నకుమారి జైలుకు వచ్చి, "కొట్టినది తప్పించుకోలేవు. సంపల్లని దిగలేదు, మర్సిపోయి దిగినానని సెప్పు, సెక్షను మారుతాది" అంది. చెప్పనన్నాను. మరిచిపోయానంటే, తమ్ముడు పోయిన రోజూ అలాగే దిగానని ఒప్పుకోవాలి. కావాలని చంపినవాడిగా ఉంటే, తమ్ముడి కోసం చంపాడులే అని కోమలి అయినా అనుకుంటుంది.

ఆ పై వారం కోమలి వచ్చింది. జాలీకి అటు నిలబడి, నన్ను చాలాసేపు చూసింది.

"నేనూ సూసినాను బావా ఆ వీడియో. ఆ బిడ్డను సంపల్లనే దిగినావా, మర్సిపోయినావా?"

ఆమె కదలకుండా నిలబడింది.

"మర్సిపోయినానమ్మా" అన్నాను.

"నీ తమ్ముడు పోయిన దినమూ అట్లే దిగినావా?"

"అట్లే."

ఆమె జాలీని వేళ్ళతో పట్టుకుంది. వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాను, వెళ్ళిపోతే బాగుండుననీ అనుకున్నాను. ఇన్నాళ్ళుగా ఆమె తిట్టుకుంటున్నది ఎవరినో నాకు గుర్తుంది.

"వాడు రాయి మర్సిపోలేదు కోమలీ" అన్నాను. "పెడ్తానన్నాడు. నేనే పారెయ్యమన్నాను."